తుడవని గీత

ఆ వీధిలో మొహమంటూ ఉన్న ప్రతివాళ్ళూ ఏదో ఒకరోజు టచప్పక్క చేతిలో పడాల్సిందే. ఫొటో స్టూడియోలో ముందు గదిలో లైట్లు, గొడుగులు, గుండ్రటి స్టూలు, "గడ్డం కొంచెం కిందికి, ఆ, అలాగే నవ్వండి" అనే మాటలు. లోపలి గదిలో కిటికీ లేదు. ఒక కంప్యూటరు, దాని ముందు ఆమె. మొటిమలు, పుట్టుమచ్చలు, కళ్ళ కింది నలుపు, చొక్కా మీది ముడతలు అన్నీ ఆ గదిలోనే మాయమైపోయేవి. ఉద్యోగం కోసం ఫొటో దిగిన ఒక కుర్రాడు దాన్ని ఇంటికి తీసుకెళ్తే కన్నతల్లే "ఎవర్రా ఈ అబ్బాయి, లక్షణంగా ఉన్నాడు" అని అడిగిందట.

మచ్చలొక్కటే కాదు, మనుషుల్ని కూడా తీసేది. అన్నదమ్ములకు చెడిందంటే కుటుంబం ఫొటోలోంచి చిన్నాయన వెళ్ళిపోయేవాడు. రాజీ కుదిరితే మళ్ళీ తిరిగొచ్చి అదే చోట అదే నవ్వుతో నిలబడేవాడు. ఎందుకు, ఏమిటని ఆమె ఎవర్నీ అడగలేదు. ఫిల్ము రోజుల్లో సన్న కుంచె పట్టుకొని మొదలుపెట్టిన పని అది. ఫొటో మీద తెల్లచుక్క కనబడితే చాలు, ఆమె చెయ్యి ఊరుకోదు. ఇంట్లో గోడ మీద మరక కనిపించినా, లిఫ్టులో పక్కవాళ్ళ భుజం మీద దూది పోగు కనిపించినా చెయ్యి దానంతటదే లేచేది.

అలాంటి మనిషి ఆకాశం పిచ్చిలో పడడానికి ఆ చెయ్యే కారణం.

ఊరి చివర కొత్తగా కుర్చీల, మంచాల దుకాణం పెట్టినాయన, లైట్లు వేసిన తన కొట్టును రాత్రిపూట ఫొటో తీయించుకున్నాడు. తీసింది స్టూడియో ఓనరు. వయసులో టచప్పక్క కంటే చిన్నవాడు, వాళ్ళ నాన్న హయాం నుంచీ ఆమెను అక్కా అనే పిలుస్తాడు. ఫొటోలో సగం కొట్టు, సగం చీకటి. ఆ చీకటి నిండా తెల్లటి నలుసులు. లెన్సు తుడుచుకోకుండా తీశాడని తమ్ముణ్ణి తిట్టుకుంటూ మధ్యాహ్నమంతా కూర్చొని నలుసులన్నీ ఒక్కొక్కటే తుడిచింది. ఒక మూల నుంచి మధ్యదాకా పొడుగ్గా ఒక గీత కూడా పడి ఉంది. దాన్నీ తుడిచింది. చీకటి నున్నగా వచ్చాక, అసలు ఫొటో మీదే సేవ్ చేసి కాఫీ తాగడానికి లేచింది.

సాయంత్రం ఓనరు వచ్చి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"అక్కా, చుక్కలేవి?"

"ఏ చుక్కలు?"

"ఆకాశంలో ఉండే చుక్కలక్కా! అయ్యో, ఆ గీత కూడా పోయిందే! ఉల్క అది. నేను అక్కడే నిలబడి కళ్ళారా చూశాను. అసలుది ఎక్కడైనా దాచావా?"

"దాని మీదే సేవ్ చేశాను."

కొట్టాయన మాత్రం ఫొటో చూసి, ఆకాశం ఎంత నీటుగా ఉందో అని తెగ మురిసిపోయాడు. టచప్పక్కకు ఆ రాత్రి తిండి సహించలేదు. తుడిచింది దుమ్మయితే బాధ లేదు. ఎక్కణ్ణుంచో అంత దూరం వచ్చి, ఒక్క క్షణం మండి, ఆరిపోబోతూ ఎవరిదో కొట్టు ఫొటోలో పడింది అది. లోకంలో దాని గుర్తు ఆ ఒక్క గీతే. దాన్ని కూడా ఉండనివ్వని చేతిని ఏమనాలో ఆమెకు తెలియలేదు. తిట్టుకుంది, ఏడ్చింది, చివరికి పంతం పట్టింది. తుడిచిన గీతకు బదులు ఇంకో గీత, అంత పొడుగుదీ, అంత తెల్లనిదీ, తన చేత్తో పట్టాలి. పట్టి, దాని మీద చెయ్యి వేయకుండా ఉంచాలి.

స్టూడియోలో ఎవరూ ముట్టని పాత కెమెరా ఒకటుంటే అడిగి తెచ్చుకుంది. దాని స్టాండుకు ఒక కాలు లూజు. గుడ్డపీలిక చుట్టి బిగించింది. ఉల్కాపాతాలు ఏ నెలలో ఏ దిక్కున వస్తాయో తెలుసుకుంది. అందరూ ముచ్చటపడే నిండు చందమామను మనసారా విసుక్కోవడం నేర్చుకుంది. భర్త దూరాలు తిరిగే లారీ డ్రైవరు. ఇంటికొచ్చినప్పుడు "పగలు మచ్చలు తుడుస్తావు, రాత్రి చుక్కలు ఏరుతావు, మధ్యలో నేనెక్కడే?" అనేవాడు. "మీరు రోడ్డు మీద" అనేది ఆమె. అతనికి నవ్వొచ్చేది.

మేడ మీద ఆమెకు తోడు అత్తగారు. ఆవిడ రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. మనిషి ఎదురుగా వస్తే గొంతును బట్టి గుర్తుపట్టాల్సిందే. అయినా మడతమంచం వేయించుకొని వెల్లకిలా పడుకునేది. కోడలు నిద్రపోకుండా కబుర్లు చెప్పడం ఆవిడ ఉద్యోగం.

"పడిందా?"

"పడింది అత్తయ్యా."

"ఫొటోలోనా?"

"లేదు. అటుపక్క పడింది."

"ఎప్పుడూ అటుపక్కేనా! కెమెరా అటు తిప్పవే మరి."

తిప్పితే ఇటుపక్క పడేది. ఏళ్ళు గడిచాయి. దొరికినవి లేకపోలేదు కానీ అన్నీ వెంట్రుకంత సన్నవి. ఎవరికైనా చూపిస్తే, వాళ్ళు ముందు స్క్రీను మీద గోటితో గీకి చూసేవారు. ఆమె కూడా నవ్వేసేది, లోపల మాత్రం చిర్రెత్తుకొచ్చేది.

ఇలా ఉండగా వాళ్ళుండే అపార్ట్‌మెంటుకు కొత్త సెక్రటరీ వచ్చాడు. ఏదో ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చొని రిటైరైన మనిషి. కుర్చీ పోయింది కానీ వేలు మిగిలింది. ఆయన ఏ పని చెప్పినా వేలితో చూపిస్తాడు, ఆ పని అయ్యేదాకా వేలు దించడు. మెట్ల మీద ఎండుటాకు కనబడితే దానివైపు వేలు చాచి, వాచ్‌మన్ వెనక గదిలోంచి చీపురు తెచ్చేదాకా అలాగే నిలబడతాడు. చాలామంది ఆ వేలును చూడలేకే పని చేసిపెట్టేవారు.

నలుగురూ నాలుగు మాటలు అనడం ఆయన చెవిన పడింది. అర్ధరాత్రి ఆడవాళ్ళకు మేడ మీద ఏం పని అని ఒకరు, కెమెరాతో ఎవరి కిటికీలు చూస్తున్నారో అని ఇంకొకరు. ఆమె కెమెరా ఆకాశాన్నే చూస్తుందన్న సంగతి అడిగినవాళ్ళు లేరు. భద్రత అనే పేరు చెప్పి ఆయన నీళ్ళ ట్యాంకు గోడకు స్టేడియంలో పెట్టేంత లైటు ఒకటి బిగించాడు. పొద్దుపోతే అదే వెలుగుతుంది, తెల్లారితే అదే ఆరుతుంది. ఆ రాత్రి మేడ ఎక్కిన టచప్పక్కకు పైన ఆకాశం బదులు బూడిదరంగు కప్పొకటి కనబడింది. చుక్కలన్నిటినీ ఎవరో ఒక్క దెబ్బతో తుడిచేసినట్టుంది. అలా తుడిస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

చలికాలంలో వచ్చే పెద్ద ఉల్కాపాతం దగ్గరపడుతోంది. ఆ ఏడు దాని రాత్రి చందమామ ఉండదు. అలాంటి రాత్రి మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు. కింద పార్కింగులో మీటింగు పెట్టినప్పుడు ఆమె లేచి అడిగింది.

"సెక్రటరీగారూ, ఆ ఒక్క రాత్రికి లైటు ఆపండి. నేనే ఆపమన్నట్టు కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాను. ఏదైనా పోతే బాధ్యత నాది."

"కుదరదు. కూర్చోండమ్మా" అని ఆయన కుర్చీ వైపు వేలు చూపించాడు.

ఆమె కూర్చోలేదు. ఆయన వేలు దించలేదు. జనం ఒకసారి ఆయన్నీ ఒకసారి ఆమెనూ చూశారు. ఎవరో దగ్గారు. ఎవరిదో ఫోను మోగి ఆగిపోయింది. పక్క కుర్చీలో ఉన్నావిడ "కూర్చోవే, మనకెందుకు" అని చీరకొంగు లాగింది. కొంగు విడిపించుకొని ఆమె అలాగే నిలబడింది. కాసేపటికి సెక్రటరీగారికి చెయ్యి నొప్పెట్టి, ఎడమ చెయ్యి మార్చి మళ్ళీ చూపించాడు. అది చూసి వెనక వరసలో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఇక లాభం లేదని ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. మీటింగు అయిపోయినట్టు ఎవరూ చెప్పలేదు కానీ అయిపోయింది.

పోతూ పోతూ ఆయన, "మేడ ఉన్నది బట్టలారేసుకోడానికమ్మా, చుక్కలు చూడ్డానికి కాదు. అది రూలు" అన్నాడు.

"అలాగేనండీ" అంది ఆమె, ఎన్నడూ లేనంత మర్యాదగా.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్తే ఆవిడ మండిపడింది. "కూర్చోమంటే కూర్చోలేదు, మంచి పని చేశావు. ఇప్పుడేం చేస్తావు?"

"బట్టలారేస్తాను అత్తయ్యా."

స్టూడియో అటక మీద పాత నల్ల కర్టెన్లు ఉన్నాయి. ఫిల్ము కడిగే చీకటిగది కోసం ఓనరు వాళ్ళ నాన్న కుట్టించినవి. వెలుతురు బొట్టు కూడా దూరనంత దళసరి. అవి తెచ్చి నిజంగానే ఉతికింది. ఎవరైనా నిలదీస్తే అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. ఉల్కాపాతం రాత్రి వాటిని మోసుకొని మేడ ఎక్కి, బట్టల తీగల మీద నాలుగువైపులా ఆరేసింది. నాలుగు నల్ల గోడలు లేచాయి, పైకప్పు లేదు. సెక్రటరీగారి లైటు బయట వెలుగుతూనే ఉంది. ఎవరి ఆస్తినీ ఆమె ముట్టుకోలేదు. లోపలికి వెళ్ళి కాసేపు కళ్ళు మూసుకొని తెరిచేసరికి, పోయిన చుక్కలన్నీ తిరిగొచ్చి పైన ఉన్నాయి. ఆనందం పట్టలేక ఆమె గట్టిగా నవ్వింది.

మడతమంచం మీద అత్తగారు దుప్పటి గడ్డందాకా లాక్కుంది. టచప్పక్క స్టాండును పొట్టిగా చేసి, కెమెరాను ఏటవాలుగా పైకి వంచి, ఒకదాని తర్వాత ఒకటిగా ఫొటోలు తీసుకుంటూ పోయేట్టు మీట నొక్కిపెట్టింది. కెమెరా కొంతసేపు కన్ను తెరిచి ఉంచి మూస్తుంది, వెంటనే మళ్ళీ తెరుస్తుంది. దాని పని అది చేసుకుంటోంది. ఒకటి రెండు చుక్కలు రాలాయి. యథాప్రకారం అటుపక్కే.

అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. కర్టెన్ల సందులోంచి సెక్రటరీగారు బనియనుతో లోపలికి దూసుకొచ్చాడు. వాచ్‌మన్ బయటే ఆగిపోయాడు.

"ఏంటమ్మా ఇదంతా?"

"బట్టలారేసుకున్నానండీ."

"ఈ వేళప్పుడా?"

"ఏ వేళప్పుడు ఆరేసుకోవాలో రూల్లో చెప్పలేదు కదండీ."

"ఇవి బట్టలా? నల్ల కర్టెన్లు!"

"ఉతికానండీ. కావాలంటే పట్టుకు చూడండి, ఇంకా తడి ఆరలేదు."

మంచం మీంచి అత్తగారు, "బాబూ, కొంచెం పక్కకు జరుగు. నాకు ఆకాశం కనబట్లేదు" అంది. ఆవిడకు కళ్ళే కనబడవని ఆ బిల్డింగులో అందరికీ తెలుసు. ఆయన మొహం చీకట్లో ఏ రంగుకు తిరిగిందో కానీ గొంతు మాత్రం పెరిగింది.

"ఈ గుడ్డలన్నీ దించండి. ఇప్పుడే!"

తీగ ఎత్తుగా ఉంది కాబట్టి వేలు పైకెత్తాడు. ఎత్తినవాడు అలవాటు ప్రకారం అలాగే ఉండిపోయాడు. ఆమె కూడా ఎదురుగా నిలబడి కదల్లేదు. లోపల ఏం జరుగుతోందో తెలియక హడలిపోయిన వాచ్‌మన్ కర్టెను అంచు పట్టుకొని పైకెత్తాడు. తెల్లటి వెలుతురు భగ్గున లోపలికి వచ్చి సెక్రటరీగారి మీద పడింది.

"మూయవయ్యా!" అత్తాకోడళ్ళు ఒక్కసారే అరిచారు. వాచ్‌మన్ భయపడి వదిలేశాడు. మళ్ళీ చీకటి.

ఆ చీకట్లో అత్తగారు, "అమ్మాయ్, ఏదో పోయిందే పైన. తెల్లగా, ఇంత పొడుగున" అంది.

టచప్పక్క చప్పున తలెత్తింది. ఏమీ లేదు. ఆమె అప్పటిదాకా ఆయన మొహం చూస్తూ ఉంది, ఆయన ఆమె మొహం చూస్తూ ఉన్నాడు. "ఆవిడకేం కనబడుతుంది! రేపు నోటీసు పంపిస్తాను" అని సెక్రటరీగారు నొప్పెట్టిన చెయ్యి నలుపుకుంటూ దిగిపోయాడు. అత్తగారు మూతి ముడుచుకొని, చూశాను అంటే చూశాను అని పడుకునేదాకా గొణుగుతూనే ఉంది. కోడలు ఊఁ కొట్టింది కానీ నమ్మలేదు.

మర్నాడు స్టూడియోలో ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతుంటే ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది.

గీత ఉంది. ఫొటో అంచు నుంచి మధ్యదాకా, మొదట ఆకుపచ్చగా, చివర తెల్లగా, వెంట్రుకలా కాదు, కొరడా దెబ్బలా ఉంది. అత్తగారు చూసింది నిజం. దాని కింద, ఫొటో అడుగున, బనియను, బొజ్జ, నిద్ర చెదిరిన జుట్టుతో సహా సెక్రటరీగారు నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ కర్టెను ఎత్తిన ఆ ఒక్క రెప్పపాటు వెలుతురు ఆయన్ను చెక్కుచెదరకుండా అచ్చు వేసింది. ఎత్తిన వేలు తిన్నగా ఉల్కను చూపిస్తోంది.

ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"పట్టేశావక్కా! చివరికి పట్టేశావు! మరి కింద ఈ శాల్తీ ఎవరు?"

"మా సెక్రటరీగారు."

"తీసేయ్. నీకెంత, నిమిషం పని. తీసేస్తే ఇది ఎక్కడికి పంపినా కళ్ళకద్దుకుంటారు."

ఆ మాట పూర్తి కాకముందే ఆమె చెయ్యి కదిలింది. తెర మీద బాణం గుర్తు సెక్రటరీగారి తల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎన్నో ఏళ్ళుగా ఆ చేతికి తెలిసిన పని అదొక్కటే. ఒక్క నొక్కు నొక్కితే బొజ్జ పోతుంది, ఇంకో నొక్కుతో వేలు పోతుంది, ఆకాశం నున్నగా అయిపోతుంది. ఆమె చెయ్యి లాక్కొని ఒళ్ళో పెట్టుకుంది, రెండో చేత్తో అదిమి పట్టుకుంది.

"వద్దు తమ్ముడూ. నేను టచప్పక్కను. ఇందులో ఒక్క నలుసు తీశానని తెలిస్తే చాలు, గీత కూడా నేనే గీశానంటారు. అయినా ఆయన్ని నేను పిలిచానా? ఆయనే వచ్చాడు. వచ్చినవాణ్ణి ఉండనీ."

పెద్ద సైజులో ప్రింటు వేసి స్టూడియోకు వీధి వైపున్న అద్దాల్లో పెట్టించింది. కింద చిన్న అట్టముక్క మీద ఆమే రాసింది: దీనికి టచప్ చేయలేదు.

వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. టచప్పక్క టచప్ చెయ్యని ఫొటో అట అని జనం పనిగట్టుకొని వచ్చి చూశారు. ముందు గీతను చూసేవారు, తర్వాత వేలును, తర్వాత బనియనును. పాలవాడు మెట్ల దగ్గర సెక్రటరీగారికి ఎదురై, "ఆ రాత్రి అందరికీ దగ్గరుండి మీరే చూపించారటగా సార్" అన్నాడు. పిల్లలు "అంకుల్, ఈసారి ఎటు పడుతుంది?" అని వెంటపడ్డారు. పంపిస్తానన్న నోటీసు సంగతి ఆయన మర్చిపోయాడు. మూడో పూటకే స్టూడియోలో ప్రత్యక్షమయ్యాడు.

"అది తీసేయండి" అని అద్దాల వైపు వేలు చాచాడు. అంతలో ఏదో గుర్తొచ్చి, చటుక్కున ఆ వేలు జేబులో పెట్టుకున్నాడు. "పోనీ, ఫొటో ఉంచుకోండి. అందులోంచి నన్ను తీసేయండి. మీ పనే అది కదమ్మా. ఎవరెవర్నో తీస్తారట."

టచప్పక్క లేచి నిలబడింది.

"తీస్తానండీ, ఎవర్నైనా తీస్తాను. ఇందులో మాత్రం తీయను. ఒకసారి ఇలాంటి గీతనే దుమ్మనుకొని నా చేత్తో తుడిచేశాను. ఆ పాపం ఇప్పటికీ నన్ను వదల్లేదు. మళ్ళీ మీ లైటు పెట్టి ఆకాశం మొత్తం మీరు తుడిచేశారు. మీకు పాపమనిపించలేదు."

"మరి నా పరువు సంగతేంటి?"

"లైటుకు మేడ తలుపు దగ్గర స్విచ్చి పెట్టించండి. అవసరమున్నవాళ్ళు వేసుకుంటారు, లేనివాళ్ళు ఆర్పుకుంటారు. స్విచ్చి పెట్టిన రోజున ఇది అద్దాల్లోంచి తీసి మా ఇంట్లో పెట్టుకుంటాను. మిమ్మల్ని ఫొటోలోంచి మాత్రం తీయను. ఇప్పుడే చెప్తున్నాను, తర్వాత మాట తప్పానని అనకండి."

"స్విచ్చి పెట్టకపోతే?"

"ఇంకా పెద్దది వేయిస్తాను."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. కూర్చోమన్నా కూర్చోని మనిషని గుర్తొచ్చి ఉంటుంది. జేబులోంచి వేలు తీయకుండానే వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా వాచ్‌మన్ వచ్చి, మేడ తలుపు పక్కన స్విచ్చి బిగించారని, సార్ పక్కనే నిలబడి చేయించారని, ఒక్కసారి కూడా వేలు చూపించలేదని చెప్పాడు. ఆమె అన్నమాట ప్రకారం ఫొటో దించి ఇంటికి తెచ్చింది.

ముందు గదిలో గోడకు మేకు కొడుతుంటే అత్తగారు తడుముకుంటూ వచ్చింది. మొహం ఫొటోకు ఆనేంత దగ్గరగా పెట్టి, కళ్ళు చికిలించి, గీత వెంట నెమ్మదిగా తల జరిపింది.

"నేను చూసింది ఇదేనా?"

"ఇదే అత్తయ్యా."

"చెప్తే ఒక్కళ్ళూ నమ్మలేదు. నువ్వు కూడా నమ్మలేదు."

"నమ్మలేదు. తప్పే."

ఆవిడ మొహం ఇంకొంచెం కిందికి దించింది. అక్కడ తెల్లగా ఏదో కనబడింది.

"ఈయన్నెందుకే ఇంకా ఉంచావు? మన ఆకాశం మనకొచ్చిందిగా. ఇప్పుడు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది?"

టచప్పక్క సుత్తి కింద పెట్టి, ఫొటో వంకర లేకుండా సరిచేసింది.

"ఆ రాత్రి ఆయనా ఉన్నాడు అత్తయ్యా. ఉన్నవాళ్ళని లేరని చెప్పీ చెప్పీ నా చెయ్యి అరిగిపోయింది. ఇంక చెప్పను."